ఏ సగమైనా సగమే

సగానికి పావు కలిపితే ఎంత అని అడిగినప్పుడు, తన తరగతిలో ఒక్క పిల్ల నోట కూడా "రెండు బై ఆరు" అనే మాట రాకూడదని డేవిడ్ మాస్టారు ఆ పొద్దున పెనుకొండలో పళ్ళు తోముకుంటూ తీర్మానించుకున్నాడు. తీర్మానం కొత్తదేమీ కాదు. తలుపుల అనే ఊళ్ళో పనిచేసినన్నాళ్ళూ ఏటా చేసుకుంటూ వచ్చిందే. పైనున్న ఒకటీ ఒకటీ రెండు, కిందున్న రెండూ నాలుగూ ఆరు అని పిల్లలు ఎంతో నమ్మకంగా చెప్పేవారు. సగం రొట్టె ఉన్నవాడికి ఇంకో పావు ఇస్తే, ఉన్న సగం కూడా తరిగిపోతుందా అని తల బాదుకునేవాడు. పిల్లలు ఆయన వైపు జాలిగా చూసి, మళ్ళీ రెండు బై ఆరే అనేవారు.

ఈ యేడు ఆయనకు ధర్మవరం బదిలీ అయింది. ఊరు మారింది కాబట్టి జవాబు కూడా మారుతుందని ఆశ. చెబితే ఎక్కనిది చూపిస్తే ఎక్కుతుందని, ఒకే కొలతలో శుభ్రంగా ఉన్న అట్ట పట్టీలు తెమ్మని ఐదో తరగతి పిల్లలకు ముందురోజే చెప్పిపెట్టాడు. వాటిని సగాలు, పావులు, ఎనిమిదో వంతులుగా కత్తిరించి పక్కపక్కన పేరిస్తే కూడికలు, తీసివేతలు, గుణకారాలు అన్నీ ఒక్క పూటలో తేలిపోతాయి. టిఫిన్ డబ్బా సర్దుతున్న భార్య మేరీతో ఇదంతా వివరంగా చెప్పాడు.

"నీ లెక్కలు బాగానే ఉంటాయి. నీ కత్తెరంటేనే నాకు బయం," అందామె.

పోయిన క్రిస్మస్‌కు నక్షత్రం చేస్తానని ఆయన కొత్త కర్టెన్ కత్తిరించిన సంగతి ఆమె ఇంకా మరిచిపోలేదు. డేవిడ్ విననట్టు చెప్పులేసుకుని రైలుకు బయల్దేరాడు.

తీరా తరగతిలో పిల్లలు తెచ్చినవి చూశాక ఆయన నీరుగారిపోయాడు. ఒకడు పెళ్ళి పత్రిక తెచ్చాడు. ఒకడు చెప్పుల డబ్బా మూత తెచ్చాడు. ఇంకో అమ్మాయి వాళ్ళ అవ్వ మాత్రల డబ్బా పట్టుకొచ్చింది. చెప్పుల డబ్బాలో పావు భాగం, మాత్రల డబ్బా మొత్తం కన్నా పెద్దగా ఉంది. ఇలాంటి వాటితో భిన్నాలు చెబితే రెండు బై ఆరే నయమనిపిస్తుంది. ఆయన దిగులుగా సుద్దముక్క అందుకుంటుండగా వీణ లేచింది.

వీణ మగ్గం నేసే వెంకటరాముడి కూతురు. సంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ ఒకే పొడవు, ఒకే వెడల్పు, వంచినా వంగని గట్టి అట్ట. ప్రతిదానికీ ఒక కొసన చిన్న నంబరు, ఒళ్ళంతా గుండ్రటి చిల్లులు. డేవిడ్‌కు ప్రాణం లేచొచ్చింది.

"యాడివమ్మా ఇవి?"

"మా ఇంట్లోవే సార్. అటక మీద ఉండె."

"మీ నాయన్ని అడిగినావా?"

"అడిగినా సార్. తీసుకోపో అన్నాడు."

ఇంకేం కావాలి. ధర్మవరంలో పుట్టి పెరిగినవాడైతే ఆ చిల్లులు చూడగానే చేతులు వెనక్కి తీసుకునేవాడు. మగ్గం నెత్తిన వరసగా తిరిగే ఆ అట్టలే ఏ దారం పైకి లేవాలో, ఏది కింద ఉండాలో చెబుతాయి. కొంగు మీద కనిపించే నెమలి ముందు ఆ చిల్లుల్లోనే పుడుతుంది. కానీ డేవిడ్ పెనుకొండవాడు, అందులోనూ కొత్తగా వచ్చినవాడు. చిల్లుల వెంబడి కత్తెర తిన్నగా పోతుందని మాత్రం గమనించి సంతోషించాడు. తరగతిలో చాలామంది నేతగాళ్ళ పిల్లలే. వాళ్ళకు ఆ అట్టలేమిటో తెలుసు. అడిగి తెప్పించింది సారే కాబట్టి సారుకూ తెలుసనుకున్నారు. వెనక బెంచీలో ఒకడు ఏదో అనబోతే, మాట్లాడాలంటే చెయ్యెత్తాలి అన్నాడు డేవిడ్. వాడు చెయ్యెత్తేలోపల మొదటి అట్ట తెగింది.

ఆ తర్వాత నడిచిన పాఠం లాంటిది ఆయన సర్వీసులో ఇంకొకటి లేదు. సగం పక్కన పావు పెట్టారు, ముప్పావు కళ్ళకు కనబడింది. ముప్పావులోంచి సగం తీశారు, పావు మిగిలింది. సగంలో సగం తీస్తే పావు, పావులో సగం తీస్తే ఎనిమిదో వంతు అని గుణకారం కూడా చేసేశారు.

"గుణిస్తే పెరగాల గదా సార్? ఇదేంది తగ్గతాండాది?" అని వీణ అడిగింది.

అలాంటి ప్రశ్న కోసం ఆయన తలుపులలో ఎన్నేళ్ళు కాచుకున్నాడో. ముక్కలో ముక్క తీస్తే చిన్న ముక్కే వస్తుందని చూపించి, ఆ ఊపులో ఇంకో సూత్రం కూడా చెప్పాడు. కొలత ఒకటే అయినప్పుడు ఏ అట్టలోని సగమైనా సగమే. దీని సగాన్ని దాని సగంతో కలిపినా ఒకటే వస్తుంది. పిల్లల చేత ఆ మాట మూడుసార్లు అనిపించాడు. కత్తెర ఆగలేదు, కట్ట మొత్తం అయిపోయింది. నాలుగైదు ముక్కలు బల్ల మీద ఉంచుకుని, మిగతావన్నీ ఇంట్లో సాధన చేసుకోమని పంచిపెట్టి, ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని తనలో తనే నవ్వుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున బడి గుమ్మం దగ్గర వెంకటరాముడు నిలబడి ఉన్నాడు. పిల్లల చదువు గురించి అడగడానికి తల్లిదండ్రులు రావడం అరుదు కాబట్టి, పాఠం సంగతి ఇంటిదాకా వెళ్ళిందని డేవిడ్ పొంగిపోయాడు. అతణ్ణి లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అతను నోరు తెరిచేలోపలే బల్ల మీద మిగిలిన ముక్కలు పేర్చి నిన్నటి పాఠమంతా చెప్పుకొచ్చాడు. చివరగా ఒక ముక్క తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"ఇది ఎనిమిదో వంతు. మీ బిడ్డే కత్తిరించింది, చూడండి ఎంత తిన్నగా ఉందో."

వెంకటరాముడు ఆ ముక్కను వెలుతురుకు పెట్టి చిల్లుల్లోంచి చూశాడు. కుర్చీ ఉండగా నేల మీద కూలబడ్డాడు.

"సార్, ఇది నెమలి," అన్నాడు.

సంగతి తేలడానికి కాస్త సేపు పట్టింది. హిందూపురంలో సరోజమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. ఆమె పెళ్ళి చీర వెంకటరాముడి నాయన నేసిందే. మనవరాలి పెళ్ళికి అచ్చం ఆ నెమలి కొంగుతోనే చీర కావాలని ఆమె కోరితే, వెంకటరాముడు అటక మీది పాత అట్టలు వెతికి, దుమ్ము దులిపి అక్కడే ముందు వరసలో పెట్టుకున్నాడు. చీర ఒళ్ళు నేయడం అయిపోయింది. ఇక కొంగు మొదలుపెట్టాలి. సరిగ్గా అప్పుడే వీణ అట్టలు అడిగింది. ఫోనులో జరీ అంగడివాళ్ళతో మాట్లాడుతూ అతను అటక వైపు చెయ్యి ఊపాడు. వెనక పడేసిన ఎలకలు కొట్టిన కట్ట అతని ఉద్దేశం. సార్ శుభ్రంగా ఉండేవి తెమ్మన్నాడు కాబట్టి వీణ శుభ్రంగా ఉన్న కట్ట తీసి, అట్టల్ని కలిపి కుట్టిన దారం కూడా బ్లేడుతో ఓపిగ్గా తెంపింది.

"తప్పు నాది గూడా ఉండాది సార్. తిరిగి చూసింటే పోయేది," అన్నాడు వెంకటరాముడు.

తిట్టి ఉంటే డేవిడ్‌కు కొంత తేలికగా ఉండేది. అతను తప్పులో వాటా అడిగేసరికి ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముక్కలన్నీ తెప్పించి ఎలా ఉన్నవాటిని అలా అతికించి ఇస్తానని మాట ఇచ్చేశాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

పిల్లలు ఇళ్ళకు పరిగెత్తారు. అట్ట ముక్కలు ఒక్క రాత్రిలోనే రకరకాల ఉద్యోగాల్లో చేరిపోయాయి. ఒక పావు కాలు పొట్టయిన మంచం కింద దూరింది. ఒక సగం పాల గిన్నె మీద మూత అయింది. ఒక ఎనిమిదో వంతు చిల్లుల్లో ఎవరో ఊదుబత్తులు గుచ్చారు. కొన్ని పొయ్యిలోకి పోయాయి. దొరికినవన్నీ బల్లల మీద కుప్పపోసి, టేపు, జిగురు తెప్పించి, డేవిడ్ పిల్లల్ని అతికించడానికి కూర్చోబెట్టాడు.

పిల్లలు ఆ పని చేసిన తీరు చూస్తే ఏ మాస్టారి కళ్ళయినా చెమర్చాలి. ఒక సగం, రెండు పావులు ఒకటి. ముప్పావుకు రెండు ఎనిమిదో వంతులు ఒకటి. ఎవరికి ఎంత తక్కువైతే అంత వెతికి తెచ్చుకుంటున్నారు. ఒక్కరంటే ఒక్కరు రెండు బై ఆరు అనలేదు. ముక్క దొరకని చోట కొత్త అట్టతో ఎనిమిదో వంతు కత్తిరించి, బోడిగా ఉంటే బాగుండదని కంపాసు ముల్లుతో చిల్లులు కూడా పొడిచారు. చేసింది తప్పే అయినా, ఆ తప్పు మధ్యలో నిలబడి డేవిడ్‌కు కాసేపు గర్వంగానే అనిపించింది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు సిగ్గేస్తుంది.

సాయంత్రానికి కట్ట కట్టగా తయారైంది. వెంకటరాముడు కొసనున్న నంబర్లు చూసుకున్నాడు, వరస తప్పలేదు. ఇంటికి పోయి కుట్టి మగ్గానికి ఎక్కించాడు. ఆ రకం నేతలో చీర ముఖం కిందివైపు ఉంటుంది, నేసేవాడికి వీపే కనిపిస్తుంది. అందుకని అతను రెండు జానల కొంగు నేసేదాకా ఏమీ తెలియలేదు. వీణ ఎప్పటిలాగే మగ్గం కిందికి దూరి, మొహం పైకెత్తి చూసింది.

"నాయనా, నెమలికి తోక మెడకాడ ఉండాది," అంది.

నంబరు ఉన్నది ఒక కొసనే. ఆ కొస ముక్కలు ఏ అట్టవో నంబరే చెప్పింది. నంబరు లేని రెండో సగాలు మాత్రం ఏ అట్టవి ఏ అట్టకు అతుక్కున్నాయో పిల్లలకూ తెలియదు, సారుకూ తెలియదు. ఏ సగమైనా సగమే అని సారే చెప్పాడు కదా. కంపాసుతో పొడిచిన చిల్లుల పుణ్యమా అని కొంగంతా చీమలు పాకినట్టు జరీ చుక్కలు కూడా పడ్డాయి.

నేసినదంతా పోగు పోగుగా ఊడదీయాల్సి వచ్చింది. డిజైన్లు గీసే గంగాధర్ ఆ అట్టలు చూసి, నంబరున్న వైపు తోక బాగానే ఉందని, తల ఉన్న వైపే కలగాపులగమైందని తేల్చాడు. ఎవరైనా పాత చీర తెచ్చి చూపిస్తే మళ్ళీ గీసి, కొత్త అట్టలు కొట్టిస్తానన్నాడు. పాత చీర ఉండేది సరోజమ్మ దగ్గరే. పెళ్ళి దగ్గరికొచ్చేసింది. వెంకటరాముడు ఒక్కడే పోతానంటే డేవిడ్ ఒప్పుకోలేదు. ఆదివారం ప్రార్థన మానేసి హిందూపురం పోతానని మేరీతో చెప్పాడు.

"కత్తెర ఇంట్లో పెట్టి పో," అంది మేరీ.

చీర సంగతి మాట్లాడడానికి వస్తున్నామని వెంకటరాముడు ముందుగా ఫోను చేసి చెప్పాడు. సరోజమ్మ అది చీర తెస్తున్నామని అర్థం చేసుకుంది. వీళ్ళు పోయేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చాప మీద వరసగా కూర్చుని ఉన్నారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు పెట్టి ఉన్నాయి. అందరూ డేవిడ్ చంకలోని సంచి వైపే చూస్తున్నారు. అందులో ఆయన మధ్యాహ్నం అన్నం డబ్బా ఉంది.

"ఏమప్పా, ఈయప్ప ఎవరు? డిజైన్ గీసే ఆయనా?" అని అడిగింది సరోజమ్మ.

"లేదమ్మా. లెక్కల సారు," అన్నాడు వెంకటరాముడు.

చీర డబ్బుల లెక్క చూడడానికి మనిషిని వెంటబెట్టుకొచ్చాడని ఆమె నొచ్చుకుంది. "దుడ్ల మాటకు సార్ను యాల తెచ్చినావప్పా? నేను బేరం చేస్తినా?" అంది. ఆ మాట అంటూనే ఇద్దరికీ ఉప్మా పెట్టించింది. ఒకరి తర్వాత ఒకరు చెప్పబోవడం, ఆమె ముందు తినండప్పా అనడం, ఇలా కాఫీలు కూడా అయిపోయాయి. ఇక తప్పించుకోలేక డేవిడ్ లేచి నిలబడి, తరగతిలో పాఠం చెప్పినట్టు మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. మధ్యలో ఒక్కసారి కూడా నేను తెలియక చేశాను అనలేదు. అనడానికి మొహం చెల్లలేదు. చాప మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

సరోజమ్మ చాలాసేపు పళ్ళెంలోని పూలు సర్దుతూ కూర్చుంది. పాత చీర ఒక్కసారి ఇప్పిస్తే చాలని, నలగకుండా తెచ్చిస్తామని వెంకటరాముడు బతిమాలాడు. ఆమె లోపలికి పోయి ఒక చిన్న గుడ్డ ముక్క తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. చీర లోపలికి దోపుకునే కొస అది. పువ్వు లేదు, జరీ లేదు.

"నాకు మిగిలింది ఇదే అప్పా," అంది. "ముగ్గురు కూతుర్లు. ముగ్గురూ నా పెండ్లి చీర కావాలన్నారు. ఒకరికిచ్చి ఇద్దరికి ఎట్ల లేదంటా? కొలబెట్టి, సమానంగా మూడు ముక్కలు కోసినా. ఒక వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు."

సరోజమ్మ ఆ గుడ్డ ముక్కను ఒళ్ళో సాపు చేసింది.

"పెద్దదానికి కొంగు పోయింది. చిన్నదానికి ఉత్త ఒళ్ళు వచ్చింది. సమానమే గదే అంటి. సమానమే అమ్మా, నెమలి అక్కకు పోయింది అంతే, అనింది. ఆ పొద్దు పోయింది, మళ్ళీ ఈ ఇంటికి రాలేదు." ఆమె ముక్కను మడత పెట్టింది. "ఇప్పుడు పెండ్లి దాని బిడ్డదే. ఒక్కసారన్నా దాని చేతిలో నిండు చీర పెడదామనుకొంటి."

డేవిడ్ అంతకు ముందు క్షమించమని అడగడానికి మనసులో కొన్ని మాటలు కూర్చుకున్నాడు. అవేవీ ఇప్పుడు పనికిరావని తెలిసిపోయింది. తాను కత్తిరించింది అట్టల్ని అనుకున్నాడు. ఆ ముసలామె ఇన్నేళ్ళు మోసిన పొరపాటును దిద్దుకునే ఒకే ఒక్క దారిని కత్తిరించాడని అప్పుడు అర్థమైంది. ఆమె పెళ్ళి ఫొటో ఏదైనా ఉందా అని మాత్రం అడగగలిగాడు. ఫొటో ఉంది. అందులో ఆమె గోడకు వీపు ఆనించి, కొంగంతా వెనక్కి పెట్టుకుని, బుద్ధిగా ముందుకు చూస్తూ ఉంది.

పెద్ద కూతురు మడకశిరలో ఉంటుంది. సరోజమ్మ ఫోను చేసి అడిగితే, ఇవ్వనని అనలేదు గానీ, అది ఇప్పుడు కొంగు కాదు, జాకెట్టు అంది. ఏదైతేనేమని బస్సు కండక్టరు చేత తెప్పించి, గంగాధర్ ముందు పరిచారు. జాకెట్టు వీపు మీద నెమలి చక్కగా నిలబడి ఉంది. కాళ్ళున్నాయి, రెక్కలున్నాయి, మెడ కూడా కొంత ఉంది. దర్జీ వెనక మెడ గుండ్రంగా తీసిన చోట, సరిగ్గా అక్కడ, తల లేదు.

గంగాధర్ తల గోక్కుని, గోక్కుని, చివరికి తన సొంత తెలివితో ఒక తల గీశాడు. అట్టలు కొట్టించి, కొంగు నేసి, పోగులు ముడేసేసరికి పెళ్ళి అయిపోయింది. పిల్ల అంగడిలో కొన్న చీర కట్టుకుని పీటల మీద కూర్చుందని సరోజమ్మ ఫోనులో చెబితే, వెంకటరాముడు ఫోను డేవిడ్ చేతికిచ్చి మగ్గం వైపు తిరిగి కూర్చున్నాడు. డేవిడ్ అవతలి మాటకల్లా ఆఁ అమ్మా, ఆఁ అమ్మా అన్నాడు.

చీర చివరికి ఆలస్యంగా హిందూపురం చేరింది. కొన్నాళ్ళకు సరోజమ్మ మళ్ళీ ఫోను చేసింది. చీరను తనే చిన్న కూతురి ఇంటికి తీసుకుపోయిందట. కూతురు మడత విప్పి, కొంగు నేల మీద పరిచి చూసి, "ఇదేందమ్మా, నెమలికి చిలక తల పెట్టినారు," అందట. తర్వాత, అక్క దాంట్లో కూడా ఇలాగే ఉందా అని అడిగిందట.

"అక్కదాంట్లో తలే లేదు," అని కూతురితో అందట సరోజమ్మ. "తల ఉండేది నీదాంట్లోనే."

దానికి కూతురు ఏమందో ఆమె చెప్పలేదు, అడగడానికి వీళ్ళకు ధైర్యం చాలలేదు. ఆ రాత్రి అక్కడే అన్నం తినొచ్చానని మాత్రం చెప్పి ఫోను పెట్టేసింది. పెళ్ళి నాడు పిల్ల ఒంటి మీద ఉండాల్సిన ఆ చీర లేకపోవడం మాత్రం ఏ లెక్కలోనూ సరిపోదని డేవిడ్‌కు తెలుసు. వెంకటరాముడు ఆయన్ని ఎప్పుడూ ఏమీ అనలేదు. ఎదురుపడితే, బాగుండారా సార్ అంటాడు. ఆ పలకరింపు వినలేక డేవిడ్ కొన్నాళ్ళు స్టేషనుకు వేరే వీధిలోంచి నడిచి వెళ్ళాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక భిన్నాలు మళ్ళీ ఒకసారి చెప్పక తప్పలేదు. ఈసారి అట్టలు లేవు, కత్తెర లేదు. డేవిడ్ బోర్డు మీద ఒకటి బై రెండు, కూడిక గుర్తు, ఒకటి బై నాలుగు రాసి, తరగతి వైపు తిరిగాడు. అందరూ వీణ వైపు చూశారు. వీణ లేచి నిలబడి, బోర్డును చాలా జాగ్రత్తగా చూసింది.

"ఏ సగం సార్? నంబరుండేదా, లేనిదా?" అని అడిగింది.

చెప్పడానికి డేవిడ్ దగ్గర పుస్తకంలోని జవాబు ఉంది. అది ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సారు అవస్థ చూడలేక వెనక బెంచీలో ఒకడు, ఈసారి మర్చిపోకుండా చెయ్యెత్తి, రెండు బై ఆరు అన్నాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ జవాబును కొట్టెయ్యడానికి డేవిడ్‌కు చెయ్యి రాలేదు.